విడాకులు పెరిగాయా, లెక్కకు వచ్చాయా?

సంపాదకులకు,

గత సంచికలో విడాకుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఫ్యామిలీ కోర్టుల దగ్గర రద్దీ చూపించి వ్యాసకర్త ముగ్గురు ముద్దాయిల్ని బోనెక్కించారు: ఆడపిల్లల చదువు, వాళ్ల ఉద్యోగం, వాళ్ల చేతిలోని సెల్‌ఫోన్. పూర్వం మన పెళ్లిళ్లు నూరేళ్లూ నిలిచేవట, పడమటి గాలి సోకి ఇప్పుడు పెటాకులవుతున్నాయట. డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరైనదాన్ని. ఈ జవాబున్న పేపర్లు కట్టలు కట్టలుగా దిద్దాను. ఆ అలవాటుతోనే ఇప్పుడూ ఎర్ర పెన్ను తీశాను.

కోర్టులో మంజూరైన విడాకుల సంఖ్యను చూసి ఇన్ని పెళ్లిళ్లు విరిగాయనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. విరిగిన పెళ్లిళ్లలోంచి ఎంతమందికి బయటపడే దారి దొరికిందో మాత్రమే అది చెబుతుంది. దారి ఇరుకైతే అంకె తగ్గుతుంది, వెడల్పైతే పెరుగుతుంది. ఆ దారిని ఇరుకు చేసేవీ వెడల్పు చేసేవీ ఏమిటో వెతకకుండా ఆడపిల్లల స్వభావం మారిందనడం తేలిక.

2011 జనగణన చూడండి. విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 13.6 లక్షలు. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నామన్నవాళ్లు దాదాపు 35 లక్షలు, అంటే వాళ్లకు రెండున్నర రెట్లు. కోర్టు లెక్కలతో రాసిన ఏ వ్యాసంలోనూ ఈ 35 లక్షల మంది కనిపించరు. రెండు లెక్కల్లోనూ మగవాళ్ల కంటే ఆడవాళ్లు రెండింతలు ఉన్నారు. పెళ్లి విరిగితే ఇద్దరూ విడిపోవాలి కదా, మరి ఆ మగవాళ్లంతా ఏమైనట్టు? చాలామంది మళ్లీ పెళ్లి చేసుకుని 'వివాహితుల' గడిలోకి వెళ్లిపోయారు. ఆడవాళ్లు పుట్టింట్లో ఉండిపోయారు.

ఇక పూర్వం సంగతి. వ్యాసకర్త చెబుతున్న పూర్వం ఎవరిది? జీవితంలో ఒక్కసారే పెళ్లి, మొగుడు పోయినా మరో పెళ్లి లేదు అన్న నియమం తెలుగునాట పై కులాల్లోని కొద్దిమందిది. మిగతా కులాల్లో చాలావాటిలో మారుమనువు ఉండేది. పొసగకపోతే కులపెద్దలు కూర్చునేవారు, రెండు వైపులా విని తెగతెంపులు చేసేవారు. విడిపోయిన స్త్రీని మనువాడబోయేవాడు మొదటి భర్తకు పెళ్లి ఖర్చు కట్టే ఆచారం అనేక కులాల్లో ఉండేది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో తెలుగు కులాల గురించి ఇలాంటి వివరాలు చాలాచోట్ల దొరుకుతాయి. (ఆ దొర మనుషుల ముక్కుల కొలతలు కూడా తీశాడు. ఆ భాగం వదిలేసి చదువుకోవచ్చు.) 1955 హిందూ వివాహ చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే 29వ సెక్షన్లో, ఆచారం ప్రకారం చెల్లే విడాకులకు ఈ చట్టం అడ్డు రాదని రాసి పెట్టారు. అదంతా స్వర్ణయుగమని నేననడం లేదు, తీర్పు చెప్పే పెద్దలంతా మగవాళ్లే. అయినా దారంటూ ఒకటుండేది.

ఎందుకుండేదంటే, ఆడమనిషి రెక్కల కష్టానికి విలువ ఉండేది. నాట్లకూ కలుపుకూ కోతలకూ వెళ్లే మనిషి తన కూలి తాను తెచ్చుకునేది. ఆ మనిషి ఇంటికి వస్తున్నందుకే మగపెళ్లివారు ఓలి ఇచ్చేవారు. ఆడవాళ్లు ఉద్యోగాలకు ఎక్కడంతో సంసారాలు కూలుతున్నాయని రాసినవారు, మన పల్లెల్లో ఆడవాళ్లు పనికి వెళ్లని కాలం ఎప్పుడుందో కాస్త చెప్పాలి.

తర్వాత నాలుగు డబ్బులొచ్చిన కుటుంబాలు మెట్టెక్కాలనుకున్నాయి. సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నది దీన్నే. పైకొస్తున్న కులాలు పై కులాల పూజలతోపాటు ఆడవాళ్ల మీద వాళ్ల ఆంక్షల్ని కూడా తెచ్చుకుంటాయని ఆయన గమనించారు. ఆడవాళ్లను పొలం మాన్పించి ఇంటిపట్టున కూర్చోబెట్టడం పరువైంది. మారుమనువు సిగ్గుపడాల్సిన సంగతైంది. ఓలి పోయి కట్నం వచ్చింది. నా లెక్కలో అసలు మలుపు ఇది. ఓలి తిరిగి కట్టి తెంచుకోవచ్చు. ఎకరం అమ్మి కట్నం పోసిన తండ్రి మాత్రం 'సర్దుకుపో తల్లీ' అంటాడు, రెండోసారి పోయడానికి ఆయన దగ్గర మరో ఎకరం లేదు. వ్యాసకర్త సనాతనం అనుకుంటున్న ఆ నిలకడ చాలా ఇళ్లలో రెండు మూడు తరాల నాటిది మాత్రమే.

ఇది మనకొక్కళ్లకే జరిగింది కాదు. పరిశ్రమలొస్తే, చదువులొస్తే విడాకులు పెరగాలి అనేది సూత్రమైతే జపాన్ దానికి లొంగలేదు. 1880లలో అక్కడ వెయ్యి జనాభాకు ఏటా దాదాపు మూడు విడాకులు. పల్లెల్లో పెళ్లి చేసుకోవడం, కుదరకపోతే విడిపోవడం మామూలు సంగతి. 1898లో కొత్త పౌర చట్టం వచ్చింది, సమురాయ్ ఇళ్ల కుటుంబ పద్ధతులు అందరికీ ఆదర్శమయ్యాయి. రేటు ఒకటిన్నరకు పడిపోయింది, 1930ల చివరికి ఒకటి లోపుకు దిగింది. ఫ్యాక్టరీలు పెరిగిన కాలమూ అదే. మలేసియాలో మలయ్ ముస్లింల సంగతీ అంతే. 1950లలో చాలా ఎక్కువగా ఉన్న విడాకులు, ఆడపిల్లలు చదువుకుని ఆలస్యంగా, తమకు నచ్చినవాళ్లను చేసుకోవడం మొదలయ్యాక బాగా తగ్గాయి. విలియం గూడ్ లాంటి సోషియాలజిస్టులు దేశదేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసింది ఇందుకే.

ఇప్పుడు మన చట్టం. 1955 చట్టంలో విడాకులున్నాయన్న మాటేగానీ, భర్త కొడుతున్నాడన్నా, వదిలేసి పోయాడన్నా కోర్టు ఇవ్వగలిగింది విడాకులు కాదు, విడిగా ఉండే అనుమతి. క్రూరత్వం, వదిలేసి పోవడం విడాకులకు కారణాలైంది 1976 సవరణతోనే. పరస్పర అంగీకారంతో విడిపోవచ్చన్నదీ అప్పుడే. క్రైస్తవ స్త్రీలు 2001 దాకా ఆగాల్సి వచ్చింది. అంతవరకూ భర్త ఆమె వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు, ఆమె మాత్రం అతని వ్యభిచారానికి తోడు క్రూరత్వమో మరొకటో కూడా రుజువు చేయాలి. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది, అది ఇప్పటికీ ఉంది. పరస్పర అంగీకారం కేసుల్లో ఆరు నెలల గడువును తగిన సందర్భంలో తీసేయవచ్చని 2017లోనూ, కోలుకోలేనంతగా విరిగిన పెళ్లిని తానే రద్దు చేయవచ్చని 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. తలుపు ఇలా కొంచెం కొంచెంగా తెరుస్తూ వచ్చి, జనం బయటికి వస్తున్నారేమిటని ఆశ్చర్యపోతే ఎలా?

మగవాళ్లకు ఆ తలుపు ముందునుంచీ ఓరగానే ఉంది. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒకాయన అమెరికా వెళ్లి మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. అది ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చేదాకా ఇక్కడున్న భార్య పోరాడాల్సి వచ్చింది. అమెరికా సంబంధాలు మురిపెంగా చేసే మన ఊళ్లలో ఈ తీర్పు ఎంతమందికి తెలుసు?

అమెరికా ప్రస్తావన వ్యాసకర్త కూడా తెచ్చారు, పెళ్లిళ్లు విరిగే దేశంగా. అక్కడ విడాకుల రేటు 1981లో వెయ్యి జనాభాకు 5.3. ఇటీవల 2.5కు అటూ ఇటూగా ఉంది. పెళ్లిళ్లే తగ్గడం ఇందులో ఒక కారణం, నిజమే. కానీ అక్కడ డిగ్రీ చదివిన ఆడవాళ్ల పెళ్లిళ్లే, చదవనివాళ్ల పెళ్లిళ్ల కంటే గట్టిగా నిలుస్తున్నాయి. పెళ్లిని ఎక్కువగా విరగ్గొడుతున్నది నిలకడ లేని ఉపాధి, చాలీచాలని జీతం. చదువును దోషిగా నిలబెట్టేముందు వ్యాసకర్త ఈ సంగతి చూసుకోవాల్సింది. సెల్‌ఫోన్ గురించి నేను మాట్లాడను. సినిమా వచ్చినప్పుడూ, టీవీ వచ్చినప్పుడూ ఇదే మాట విన్నాం.

వ్యాసంలో ఒక మాటతో ఏకీభవిస్తాను. ఇప్పటివాళ్లు పెళ్లినుంచి ఎక్కువ ఆశిస్తున్నారన్నారు, నిజం. ఆంథొనీ గిడెన్స్ లాంటి సోషియాలజిస్టులు చెప్పిందీ అదే: ఇద్దరికీ తృప్తి ఉన్నంతకాలమే బంధం నిలుస్తుందనే భావన బలపడింది. మాట్లాడుకోవడం, గౌరవం, ఇంటిపనిలో పాలు కోరుతున్నారు. ఇది దురాశ అని వ్యాసకర్త ఉద్దేశం. అక్కడ మాత్రం నేను ఆయనతో లేను.

నా కలవరం కోర్టుకెక్కినవాళ్ల గురించి కాదు, ఎక్కనివాళ్ల గురించి. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. భర్తకు దూరమైనా విడాకుల కాగితం లేని మనుషులు ఇంతమంది ఉన్నారని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు కదా! ఆ కాగితం లేని స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆస్తి సంగతి తేల్చుకోలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయసహాయం దొరకాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవల సంస్థ కార్యాలయం ఉంటుంది. మీ పత్రిక సంసారాలు నిలబెట్టే చిట్కాలకు ఇచ్చే పేజీలో నాలుగు వాక్యాలు దీనికి కేటాయిస్తే మేలు.

ఇంకొక్క మనవి, మీ పాఠకులకు. 2027 జనగణనలో ఎన్యూమరేటర్ ఇంటికొచ్చి వైవాహిక స్థితి అడిగినప్పుడు, ఏళ్ల తరబడి పుట్టింట్లో ఉంటున్న కూతురిని పరువు కోసం 'వివాహిత' అని రాయించకండి. విడిగా ఉంటున్నదని చెప్పండి. ఆ మాట చెప్పాల్సిందీ, వీలైతే, ఆమే.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషియాలజీ అధ్యాపకురాలు,
తెనాలి