రోగానికి బాధ్యులెవరు?

ఒక సముదాయంలో రోగాలు ఎక్కువగా కనిపించినప్పుడల్లా పాలకుల వద్ద ఒక సులువైన జవాబు సిద్ధంగా ఉంటుంది: వాళ్ల అలవాట్లే అంత, వాళ్లకు శుభ్రత తెలియదు, చెబితే వినరు. ఈ నింద మనకు కొత్త కాదు. 2020లో తబ్లీగీ జమాఅత్ పేరు చెప్పి ముస్లింలందరినీ కరోనాకు కారకులుగా చూపిన రోజులను మనం మరచిపోలేదు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని వ్యాఖ్యానించవలసి వచ్చింది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి ప్రజలు ఇదే నిందను తరతరాలుగా మోశారు. దానికి చేతలతో జవాబు చెప్పిన వైద్యురాలు డాక్టర్ డొరొతీ ఫెరెబీ. 1898లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో జన్మించిన ఆమె 1924లో టఫ్ట్స్ వైద్య కళాశాల పట్టా పొందారు. తెల్లవారి ఆసుపత్రులు తలుపులు మూయగా, వాషింగ్టన్‌లో నల్లజాతివారికి వైద్యమందించే ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేశారు.

1935 వేసవిలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి విద్యావంతురాళ్ల సంఘం తరఫున వైద్య బృందాన్ని మిసిసిపీకి నడిపించారు. రైలు టికెట్లు నిరాకరిస్తే సొంత కార్లలో బయలుదేరారు. పత్తి పొలాల యజమానులు తమ కౌలుదార్లను శిబిరాలకు పంపలేదు. పని ఆగుతుందనీ, బయటివారి మాటలు విని వీళ్లు ప్రశ్నించడం నేర్చుకుంటారనీ వారి భయం. అప్పుడు బృందం కార్లనే వైద్యశాలలుగా మార్చుకుని పొలాల్లోకే వెళ్లింది. తుపాకులు ధరించిన మేస్త్రీలు చూస్తుండగానే పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేసింది. 1940ల ఆరంభం దాకా ఏటా ఈ కృషి సాగింది. వేలాది పిల్లలకు టీకాలు అందాయి.

మరి అలవాట్ల వాదం ఏమైంది? తల్లులు టీకాను కాదనలేదు. టీకాయే అంతవరకు వారి గడప దాకా రాలేదు.

ఫెరెబీ సూదిమందుతో ఆగలేదు. ఏ రోగాలు కనిపించాయో, ఆ కుటుంబాలు ఏమి తింటున్నాయో, ఎలాంటి ఇళ్లలో ఉంటున్నాయో నివేదికలుగా రాయించారు. ఆ సంఘమే 1938లో చట్టసభల ముందు నల్లజాతి హక్కుల కోసం పట్టుబట్టేందుకు వాషింగ్టన్‌లో ప్రత్యేక మండలిని నెలకొల్పింది. 1949లో ఫెరెబీ నల్లజాతి మహిళల జాతీయ మండలికి అధ్యక్షురాలయ్యారు.

మనం కూడా మస్జిదు ఆవరణల్లో, షాదీఖానాల్లో ఉచిత వైద్య శిబిరాలు పెడుతున్నాం. మంచి పనే. కాని వాటిలో ఎక్కువ భాగం ఫొటోలతో ముగిసిపోతున్నాయి. ఎందరు స్త్రీలకు రక్తహీనత ఉంది? బస్తీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరం? అక్కడ మహిళా డాక్టరు ఉన్నారా? ఈ లెక్క రాసి కలెక్టరు ముందు, శాసనసభ్యుని ముందు పెట్టినవారు ఎందరు? ముస్లింలు ఎక్కువగా నివసించే అనేక గ్రామాలలో వైద్య సదుపాయాలే లేవని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అయినా "ముందు మనవాళ్లు మారాలి" అనే పెద్దలు మనలోనే ఉన్నారు. పాలకుల నిందను వారు మన నోటితో పలికిస్తున్నారు.

జకాత్ సొమ్ముతో పేదవాడికి మందులు కొనిపెట్టడం మన విధి. ఆసుపత్రి కట్టి డాక్టరును నియమించడం ప్రభుత్వ విధి. మన జకాత్‌తో ప్రభుత్వం బాకీ తీరదు.