‘వాండర్’ అనగా తిరుగుటయేనా?

ఇంగ్లీషులో ‘వాండర్’ అను క్రియకు ‘గమ్యము లేక తిరుగుట’ అని బడిలో అర్థము వ్రాసికొంటిమి. అది తప్పు కాదు, చాలదు. ఆ భాషలో బాటసారి వాండర్ చేయును, నది చేయును, చూపు చేయును, ఉపన్యాసకుడును చేయును. జ్వరము తలకెక్కి సంధిమాటలు పలుకు రోగిని గూర్చియు పాత నవలలలో వైద్యుడు ఈ మాటయే వాడును. దానిని ‘రోగి మనస్సు సంచరించుచున్నది’ అని తెనిగించినచో, పాపము, రోగి తీర్థయాత్రకు బయలుదేరెనని పాఠకుడు భ్రమపడగలడు. తెలుగున నది వంకలు తిరుగును, చూపు చెదరును, ఉపన్యాసకుడు దారి మళ్లును, రోగి పలవరించును. ఇన్ని మాటలు చేతనుండగా అనువాదకులు ప్రతిచోట ‘సంచరించు’నే పట్టుకొని వ్రేలాడుట నాకు నచ్చదు.

చిత్రమేమనగా, ఈ పదము పుట్టుకలో గమ్యము లేకపోవుట అను భావము కానరాదు. మలుపు తిరుగుట అను అర్థముగల ‘వెండ్’ దీనికి దగ్గరి చుట్టము. ‘గో’కు భూతకాలముగా చెల్లుచున్న ‘వెంట్’ సైతము ఆ వెండ్ కడుపున పుట్టినదే. మన ‘తిరుగు’ కూడ అట్టిదే కదా! తిరుగలి తిరుగును, తల తిరుగును, ఊళ్లవెంట మనిషి తిరుగును. పోయినవాడు తిరిగి వచ్చును. ఓర్పు నశించిన ప్రజ తిరుగబడును. ఇల్లు చేరుకొను భావము ఇంగ్లీషు పదమున లేదు, మన పదమున కలదు.

మరి గమ్యము లేదని చెప్పినవాడెవడు? నడచినవాడా, చూచినవాడా? నిలకడగల నక్షత్రముల నడుమ చోటు మార్చుచున్న గ్రహములకు గ్రీకులు తిరుగుబోతులని పేరు పెట్టిరి. అందొకటియగు అంగారకుని మార్గము దీర్ఘవృత్తమని 1609లో కెప్లరు నిరూపించెను. దారి ఉన్నది, చూచువారికి తెలియలేదు.

మనుష్యుల విషయమున ఈ అజ్ఞానము ఇంత నిరపాయకరము కాదు. డాఫడిల్ పూలపై వర్డ్సువర్తు వ్రాసిన పద్యము 1807లో వెలువడినది. అందు ఈ క్రియ కవికి అలంకారము. ఒంటరిగా తిరిగినట్లు ఆయన చెప్పెనే గాని, 1802 ఏప్రిలు నాటి ఆ నడకలో చెల్లెలు డొరతీ వెంటనే యుండెను. పదునేడేండ్లకు, 1824లో, ఇంగ్లండు చేసిన శాసనమున అదే క్రియ నేరమైనది. ఊళ్లు పట్టి తిరుగుచు, కొట్టములలో తలదాచుకొని, తన సంగతి సరిగా చెప్పుకొనలేని బీదవాడు శిక్షార్హుడు.

అట్టి చూపే ఇచ్చటికిని వచ్చినది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టము 1911లో తిరుగ వ్రాయబడి మద్రాసు రాజధానికిని వర్తించెను. సముద్రతీరమునుండి ఉప్పు వేసికొని మెట్టసీమలకు పోయి అమ్ముకొన్న ఎఱుకలవారు దాని వాత పడిరి. ఏ ఊర సంత ఎన్నడో, ఏ ఇంట ఉప్పు నిండుకొన్నదో ఎఱిగి నడచువానికి గమ్యము లేదనుట ఎట్లు? బాపట్ల చెంత స్టూవర్టుపురమున వారిని కూర్చుండబెట్టి, ఊరు దాటుటకు అనుమతిపత్రము కావలెననిరి. చట్టము 1952లో రద్దయినది. ‘దేశదిమ్మరి జాతులు’ అను అనువాదము మాత్రము అప్పుడప్పుడు ఇంకను నా కంటబడుచున్నది.