ఎత్తు ఎంత?

పోయిన సంచికలో నామినేషన్ ఫారాల గురించి రాస్తే కోయంబత్తూరు నుంచి ఒక అక్కయ్యగారు ఫోన్ చేశారు. "తమ్ముడూ, ఎప్పుడు చూసినా బ్యాంకు సంగతులేనా? మన ఊరి సంగతి ఒక్కటి రాయకూడదా?" అని కోప్పడ్డారు. రాజపాళయం సంగతులంటే అందరికీ తెలిసినవే. మామిడిపళ్ళు, వేటకుక్కలు, నూలు మిల్లులు. వీటి గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు రాసేశారు. మిగిలింది సాయంత్రం పూట బాస్కెట్‌బాల్. దాని గురించి నాకు చాలా రోజులుగా మనసులో ఒకటి ఉండిపోయింది. అది రాస్తాను.

నేను ఆటగాణ్ణి కాదు. చదువుకునే రోజుల్లో ఒకసారి బంతి ముఖానికి తగిలి కళ్ళజోడు విరిగింది. నాన్నగారు రెండో కళ్ళజోడు కొనిపెడుతూ "ఇక బయట కూర్చుని చూడు" అన్నారు. అప్పటినుంచీ బయటే కూర్చున్నాను, స్కోరు బల్ల దగ్గర. బీకాం చదివినవాడికి తగిన పనే. స్కోరు షీటు కూడా లెడ్జరు లాంటిదే. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరు ఎన్ని ఫౌళ్ళు చేశారు, ఏ జట్టు ఎన్నిసార్లు టైమవుట్ అడిగింది, అన్నీ అందులో ఉంటాయి. అయిదో ఫౌలుతో మనిషి బయటికి. ఆఖరికి రెండు వైపులా కూడిక సరిపోవాలి.

కానీ ఆ షీటులో ఒక విషయానికి చోటు లేదు. బంతి రింగులో వేసినవాడి పేరు ఉంటుంది. వాడి చేతికి బంతి అందించినవాడి పేరు ఉండదు. నాకు ఇది మొదటినుంచీ సరిపడలేదు. జమ రాసి, అది ఎక్కడినుంచి వచ్చిందో రాయకపోతే ఎట్లాగండీ? అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎవరు ఎవరికి పాస్ ఇస్తే బుట్ట పడిందో విడిగా రాసుకునేవాణ్ణి. మా ఇంటావిడ దాన్ని "మీ దొంగ లెక్కల పుస్తకం" అంటుంది.

2013లో స్కూళ్ళ మధ్య జరిగిన ఒక మ్యాచ్‌లో ఆరో నంబరు చొక్కా వేసుకున్న కుర్రాణ్ణి చూశాను. పేరు రాయను, ఇప్పుడు పెళ్ళయి పిల్లలున్నవాడు. ప్లస్ టూ చదువుతున్నాడు. అయిదడుగుల ఏడంగుళాలు ఉంటాడేమో. తల్లి సత్రపట్టి దారిలో బ్యాండేజీ గుడ్డ నేసే చోట పని చేసేది. స్కూల్లో పి.టి. సారు పోస్టు ఖాళీగా ఉంటే డ్రాయింగు సారే పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ రోజు షీటులో ఈ కుర్రాడి పేరు మీద ఉన్నవి ఏడు పాయింట్లు. నా పుస్తకంలో మాత్రం పదకొండు బుట్టలకు బంతి అందించింది వాడే. ఆట అయ్యాక పిలిచి ఆ పేజీ చూపించాను. వాడు వేలితో ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకుని, "పదకొండా సార్?" అని నవ్వాడు.

ఆ వేసవిలో ఒక కాలేజీ ఆటగాళ్ళ ఎంపిక పెట్టింది. ఏ కాలేజీ, ఏ ఊరు అన్నది అక్కరలేదు. మా బ్రాంచి తరఫున చొక్కాలకు డబ్బు ఇచ్చాం కాబట్టి నన్నూ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాలుగు సీట్లు. ఫీజు లేదు, హాస్టలు, మెస్సు ఉచితం. కోచ్ చేతిలో ఒక కాగితం: పేరు, ఎత్తు, బరువు, సర్టిఫికెట్లు. ఆరో నంబరు కుర్రాడూ వచ్చాడు. ఎత్తు గడిలో ఏం రాశారో మీకు తెలుసు. సర్టిఫికెట్ల గడిలో అడ్డగీత గీశారు. ఆ ఏడాది జోనల్ పోటీలకు స్కూలు జట్టు వెళ్ళనే లేదు. వెంట తీసుకెళ్ళేవాళ్ళు లేరు, బస్సు ఖర్చులు లేవు. మరి సర్టిఫికెట్ ఎక్కడిది?

కోచ్ చెడ్డవాడేం కాదు. "ఆట మేం నేర్పుకుంటాం సార్. ఎత్తు ఎక్కడినుంచి తెస్తాం?" అన్నాడు. ఆ మాటలో నిజముంది. రింగు నేలకు 3.05 మీటర్ల పైన ఉంటుంది, అది ఎవరికోసమూ కిందికి దిగదు. 2015లో అమెరికా ఎన్.బి.ఎ. ఎంపికలో పేరు వచ్చిన మొదటి భారతీయుడు, పంజాబు పల్లెటూరి రైతుబిడ్డ సత్నాం సింగ్ ఏడడుగుల పైచిలుకు మనిషి. నలుగురూ వేరే జిల్లాల హాస్టళ్ళ కుర్రాళ్ళే ఎంపికయ్యారు. అందరూ ఆరడుగులు దాటినవాళ్ళు.

నా సంచిలో నోటుపుస్తకం ఉంది. తీయలేదు. అతిథిగా పిలిచారు, కాఫీ ఇచ్చారు, ఆట ఆడనివాణ్ణి నేనేం చెప్తాను అనుకున్నాను. లోన్ కాగితాల్లో ఒక సంతకం తక్కువైతే మేనేజరుతోనైనా వాదించేవాణ్ణి, ఆ రోజు నోరు విప్పలేదు.

ఆ తర్వాత మా అబ్బాయి ఫోన్లో స్టీఫెన్ కరీ ఆట చూపిస్తూ ఆయన కథ చెప్పాడు. తండ్రి డెల్ కరీ పేరున్న ఆటగాడు. అయినా షార్లట్ ఊళ్ళో స్కూలు చదువు అయ్యేసరికి కొడుకు సన్నగా, అంత ఎత్తు లేకుండా ఉన్నాడని పెద్ద కాలేజీలు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. తండ్రి చదివిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ లేకుండా వస్తే రమ్మంది. ఊరికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న డేవిడ్సన్ అనే చిన్న కాలేజీ పిలిచింది. 2006లో మొదటి మ్యాచ్‌లో ఆ కుర్రాడు 13 సార్లు బంతి పోగొట్టాడు. కోచ్ బాబ్ మెకిలప్ మర్నాడు కూడా వాణ్ణే దింపాడు. ఆ రోజు మిషిగన్ మీద 32 పాయింట్లు వేశాడు. 2008 జాతీయ పోటీల్లో ఆ కాలేజీ గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ జట్లను వరసగా ఓడించి, కాన్సస్ చేతిలో 57-59తో రెండే పాయింట్ల తేడాతో ఓడింది. తర్వాతి కథ ఆట చూసే పిల్లలందరికీ తెలుసు.

స్కాటీ పిప్పెన్ సంగతి ఇంకా వింత. ఆర్కన్సాలో చిన్న ఊరు. స్కూలు అయ్యేటప్పటికి ఆరడుగుల ఒక అంగుళం. ఎవరూ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఒక కాలేజీ జట్టులో సామాను చూసుకునే మేనేజరుగా చేరాడు. అక్కడే ఆరడుగుల ఏడంగుళాలకు పెరిగి 1987 ఎంపికలో అయిదోవాడిగా వెళ్ళాడు. పదిహేడేళ్ళ కుర్రాడి ఎత్తు రాసేసి కాగితం మూసేయడం ఎంత తొందరపాటో చూడండి.

మా నాయనమ్మ అనేది, పెరటిచెట్టు మందుకు రాదని. సంజీవి కొండనే పెరట్లో పెట్టుకున్న ఊళ్ళో ఆ మాట అనేది! రోజూ కనబడే కుర్రాణ్ణి ఎవరూ ప్రత్యేకంగా చూడరు. హాస్టలు పిల్లలు రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్తారు, కోచ్‌లకు కోచ్‌లు ఫోన్లు చేసుకుంటారు. మునిసిపల్ స్కూలు పిల్లవాడికి ఫోన్ చేసేవాళ్ళు లేరు. పైగా డిసెంబరు వచ్చిందంటే ప్లస్ టూ పరీక్షలని ఇంట్లోవాళ్ళు బంతి అటక మీద పెట్టేస్తారు. సరిగ్గా కోచ్‌లు చూడవలసిన సమయానికి పిల్లవాడు కోర్టులో ఉండడు.

ఇది ఆటతో పోయేదైతే ఇంత రాయను. ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, రైల్వే, ఇన్‌కంటాక్స్ లాంటివి చెన్నైలో బాస్కెట్‌బాల్ జట్లకు మనుషుల్ని తీసుకుని ఉద్యోగాలిచ్చాయి. వాళ్ళు చూసేది కాలేజీ, యూనివర్సిటీ జట్లలో ఆడినవాళ్ళను. కాలేజీ గుమ్మం దగ్గర ఆగిపోయినవాడికి ఆ ఉద్యోగం దారీ అక్కడే మూసుకుపోతుంది. ఖర్చు సంగతీ చూడండి. బయటి కుర్రాడికి ఫీజుతో పాటు గది, మూడుపూటలా భోజనం, పండక్కి రైలు టిక్కెట్టు. ఊరి కుర్రాడు ఇంట్లో తిని సైకిల్ మీద వస్తాడు. వాడికి కావలసింది ఫీజు, ఒక జత మంచి బూట్లు. బయటివాళ్ళను తీసుకోవద్దని నేననను. నాలుగు సీట్లలో ఒక్కటి, ఊరి స్కూళ్ళ మ్యాచ్‌లు నాలుగు చూశాక నింపండి అంటున్నాను, అంతే.

రెండేళ్ళ క్రితం ఆరో నంబరు కుర్రాడు మా బ్రాంచికి వచ్చాడు, సరుకు వేసుకునే వ్యాను లోన్ కోసం. నేను గుర్తుపట్టలేదు, వాడే గుర్తుపట్టాడు. కరస్పాండెన్సులో బీకాం పూర్తి చేశానన్నాడు. బ్యాండేజీ కంపెనీకి వ్యాను నడుపుతున్నాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. లేచి వెళ్ళబోతూ, "సార్, ఆ పుస్తకం ఇంకా ఉందా?" అన్నాడు. మర్నాడు ఇంటినుంచి తెచ్చి చూపించాను. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. కొడుకుకు చూపిస్తానన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పటినుంచి పుస్తకం సంచిలో పెట్టుకోవడం మానేశాను. ఎంపికలకు ముందు పేజీలు జెరాక్స్ తీసి నాకు తెలిసిన కోచ్‌లకు పంపుతున్నాను. కొందరు నవ్వుతారు. పోయిన ఏడాది ఒక కాలేజీ మన ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తీసుకుంది. ఇప్పుడు ఆఖరి మూడు నిమిషాలు ఆడిస్తున్నారు. మొన్న రెండుసార్లు బంతి పోగొట్టాడు. ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయని వాళ్ళ కోచ్‌కు చెప్పాను.

చెన్నైలో, కోయంబత్తూరులో, బెంగుళూరులో మనవాళ్ళు చాలామంది కాలేజీల్లో పని చేస్తున్నారు, కొందరు కమిటీల్లో ఉన్నారు. సంక్రాంతికి ఊరికి వచ్చేవాళ్ళు ఒక రోజు ముందుగా వచ్చి, సాయంత్రం ఆట ఉంటే కోర్టు వైపు రండి. స్కోరు బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని, రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాణ్ణి నేనే. రెండో పుస్తకం అడిగి చూడండి.