ఎవరిదో ఆ కథ

ఐజాక్ అసిమోవ్‌కు ఓ పాఠకుడు ఎక్కడో దూరపు ఊరినుంచి ఫోన్ చేశాడు. ఒక కథ ఉంది, మీరే రాశారనుకుంటాను, పేరు గుర్తురావడం లేదు అని మొదలుపెట్టాడో లేదో, అసిమోవ్ అడ్డుపడి ‘ద లాస్ట్ క్వశ్చన్’ అని చెప్పేశాడు. కథ సంగతి అవతలివాడి నోట ఒక్క ముక్కయినా రాలేదు. తర్వాత అసిమోవే కథ చెప్పి చూస్తే సరిగ్గా అదే. వెయ్యి మైళ్ల దూరాన కూర్చుని మనసులో మాట పట్టేశాడని ఆ పాఠకుడు నోరెళ్లబెట్టాడు. నిజానికి ఇందులో మంత్రమేమీ లేదు. పేరు మరిచిపోయామంటూ తనను అడిగినవాళ్లంతా ఆ కథ గురించే అడిగేవారని అసిమోవే రాసుకున్నాడు. తన కథలన్నిటిలో తనకు బాగా ఇష్టమైనదీ అదేనట. అంత ఇష్టమైన కథ జనం మనసులో నాటుకుపోయి, తన పేరు మాత్రం రాలిపోతే ఏ రచయితకైనా కాస్త చివుక్కుమంటుంది.

1956లో అచ్చయిన కథ అది. 2061లో ఇద్దరు టెక్నీషియన్లు తాగిన మత్తులో ఐదు డాలర్ల పందెం కాసి, మల్టీవాక్ అనే మహా కంప్యూటర్‌ను ఓ ప్రశ్న అడుగుతారు. చుక్కలన్నీ ఆరిపోయాక విశ్వాన్ని మళ్లీ వెలిగించగలమా? జవాబు చెప్పడానికి సమాచారం చాలదంటుంది యంత్రం. యుగాలు గడుస్తాయి. అడిగేవాళ్లు మారతారు, యంత్రం పేరూ రూపూ మారతాయి, జవాబు మాత్రం మారదు. చివరికి మనుషులూ చుక్కలూ కాలమూ అన్నీ అయిపోయాక యంత్రానికి జవాబు తడుతుంది. బైబిల్ మొదటి పుటలోని మాటతో కథ ముగుస్తుంది. ఒకసారి చదివితే మరిచిపోలేని ముగింపు. కానీ ఆ టెక్నీషియన్ల పేర్లేమిటో అడగండి! గిరీశాన్ని తీసేసి ‘కన్యాశుల్కం’ గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ కాలపు సైన్స్ ఫిక్షన్ కథల్లో మాత్రం కథానాయకుడి కుర్చీలో కూర్చునేది మనిషి కాదు, ఊహ. పైగా ఈ కథను అమెరికాలో ప్లానెటేరియంలు ప్రదర్శనగా కూడా వేశాయి. చీకట్లో వెనక్కి వాలి, కప్పు మీద చుక్కలు చూస్తూ విన్నవాళ్లకు రచయిత పేరు అచ్చులో కనపడేదెప్పుడు?

అసలు చిక్కు వేరే ఉంది. 1953లో ఆర్థర్ సి. క్లార్క్ ‘ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’ రాశాడు. టిబెట్ లామాలు దేవుడి పేర్లన్నీ అచ్చు వేయడానికి కంప్యూటర్ తెప్పించుకుంటారు. పని పూర్తయ్యే వేళకు, కొండ దిగుతున్న ఇంజినీర్లు తలెత్తి చూస్తే చుక్కలు ఆరిపోతుంటాయి. మరుసటి ఏడాది ఫ్రెడ్రిక్ బ్రౌన్ కథ ‘ఆన్సర్’ వచ్చింది. గ్రహాలన్నిటి కంప్యూటర్లనూ ఒక్కటిగా కలిపి, దేవుడున్నాడా అని అడుగుతారు. ఇప్పుడున్నాడు అంటుంది యంత్రం. ఆ తర్వాత రెండేళ్లకు అసిమోవ్ కథ. ముప్ఫై ఏళ్ల కిందట ఈ మూడూ చదివినవారు, కంప్యూటర్‌ను దేవుడి గురించి అడిగితే చుక్కలు ఆరిపోయి, ఆఖరికి అదే సృష్టి మొదలుపెట్టే కథ ఎవరిదండీ అని అడిగారనుకుందాం. ప్రశ్న బ్రౌన్‌ది, చుక్కలు క్లార్క్‌వి, సృష్టి అసిమోవ్‌ది. అలాంటి కథ ఎవరూ రాయలేదు, అడిగిన ఆయన తప్ప.

జ్ఞాపకం ఇలా కలిపి కుట్టడం కొత్తేమీ కాదు. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932 నాటి పుస్తకంలో దీన్ని వివరంగా చూపించాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్లాగి మళ్లీ చెప్పమంటే, కథలో సీల్ వేటకు వెళ్లినవాళ్లు చేపలు పట్టడానికి వెళ్లినవాళ్లయ్యారు. అర్థంకాని దెయ్యాలు మెల్లగా జారుకున్నాయి. ఎవరి లోకానికి తగ్గట్టు వాళ్లు కథను సర్దుకున్నారు, సర్దుకున్నామన్న ఎరుక లేకుండానే.

మన ఇళ్లలో ఇంకో రకం సగం కథలు ఉండేవి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకునేవాళ్లం కదా, ఆ పేజీల వెనక ఏ కథ పడితే ఆ కథ ముక్క చేరేది. తల ఉంటే తోక ఉండదు. రోదసిలోకి బయల్దేరిన నౌక ఏమైందో తేలకముందే పేజీ అయిపోయేది. తిప్పితే వచ్చే వారం సీరియల్లో కథానాయిక అత్తవారింట్లో ఏడుస్తూ ఉండేది. అలాంటి కథ పేరు కనుక్కోవడం అసిమోవ్ తరం కూడా కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలను పోగు చేయబట్టి, కథ పేరో రచయిత పేరో తెలిసినవారికి ఈనాడు ఒక దారి ఉంది. రెండూ తెలియనివారికి, ఆ కథ చదివి గుర్తుంచుకున్న మనిషే దిక్కు. కృత్రిమ మేధను అడగొచ్చు కదా అంటారా? అడగొచ్చు. అది దొరకని కథకు కూడా ఒక పేరూ, ఒక రచయితనూ, సంచిక తేదీనీ తడుముకోకుండా కల్పించి చెప్పగలదు. సమాచారం చాలదని ఒప్పుకునే సంస్కారం మల్టీవాక్‌కు ఉండేది.

కాబట్టి ఎవరినైనా అడిగేటప్పుడు ముగింపు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. అది అందరికీ గుర్తుంటుంది, పైగా ఎక్కువ మారిపోయేదీ అదే కావచ్చు. ఏ ఊళ్లో ఉండగా చదివారు, సొంత పుస్తకమా అద్దెకు తెచ్చిందా, పక్కన బొమ్మ ఉందా, ఆ పత్రికలో అప్పుడు ఏ సీరియల్ వస్తోంది, ఇవన్నీ చెప్పాలి. కథకు సంబంధం లేని వివరాలే అయినా, పాత సంచికలు తిరగేసేవారికి పనికొచ్చేవి అవే.