పుట్టుకతో పాటు ప్రయాణమూ బోధించాలి

సింగరాయకొండ నుండి పంపే మూటకు చిరునామా చీటీ ఎంత ముఖ్యమో, కణంలో తయారయ్యే ప్రోటీనుకు గమ్యసూచన అంత ముఖ్యం. ప్రోటీను మొదటనున్న అమైనో ఆమ్లాల వరుసే ఆ చిరునామా అని నిరూపించిన గుంటర్ బ్లోబెల్ 1999లో నోబెల్ బహుమతి పొందారు. ఆ వరుస రైబోసోము నుండి వెలువడగానే, ఒక ఆర్.ఎన్.ఏ., ఆరు ప్రోటీనులు గల 'సంకేత గుర్తింపు కణిక' దానిని పట్టుకొని, తయారీ వేగాన్ని తగ్గించి, రైబోసోమును అంతర్జీవద్రవ్య జాలానికి చేరుస్తుంది. పిదప విడివడి మరల పనికి సిద్ధమవుతుంది.

ఈ కణికలోని ఎస్.ఆర్.పి.54 అనే ప్రోటీను లోపిస్తే కొందరు శిశువులలో తెల్ల రక్తకణాలు కొరవడి అంటురోగాలు పీడిస్తాయని 2017లో వెల్లడైంది.

ప్రోటీను పుట్టుకను కంఠస్థం చేయించి, దాని ప్రయాణాన్ని విడిచే బోధన అసంపూర్ణమని మా అభిప్రాయం. ఈ పాఠాన్ని విద్యార్థుల చేత తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించి, గోడపత్రికలో చోటు కల్పించవలసినదిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము.