మూత్రపిండం చెప్పే సాక్ష్యం
1689లో సూరత్‌కు బయలుదేరిన ఆంగ్ల మతగురువు జాన్ ఓవింగ్టన్, ఆ నగర సమీపమున బనియా వర్తకులు పోషించుచున్న పశువుల ఆసుపత్రిని వర్ణించాడు. ఆవులు, గుర్రాలతోపాటు కుక్కలకూ అక్కడ ఆశ్రయముండేది. ఆనాడు దయ ఉన్నది. దేహము లోపల చూడగల సాధనము లేదు.

నేడు డాప్లర్ అల్ట్రాసౌండ్ ఆ పని చేస్తున్నది. గుండె బలహీనపడిన కుక్కలో మూత్రపిండాలకు రక్తము తగ్గును. అచటి నాళములు బిగుసుకొనును. మూత్రపిండ ధమనిలో రక్తపు అత్యధిక వేగము నుండి, గుండె విరామపు చివరి వేగమును తీసివేసి, శేషమును అత్యధిక వేగముతో భాగించినచో ‘నిరోధ సూచిక’ లభించును. ఆరోగ్యముగల కుక్కలో అది సాధారణముగా 0.7 లోపు, వ్యాధి ముదిరినకొద్దీ పెరుగవచ్చును.

ఊపిరితిత్తుల నీటిని తీయు మందు మితిమీరినచో మూత్రపిండాలు దెబ్బతినును. రక్తపరీక్షలతో కలిపి చూచినపుడు ఈ సూచిక వైద్యుని ముందుగా హెచ్చరించగలదు. నోరులేని రోగికి అదే నోరు.