మంచితనానికి స్కోర్‌బోర్డు ఎందుకండీ?

జనవరి వచ్చిందంటే చాలు, మా ఆఫీసులో ఒకటే గోల. "21 రోజులు ఆపకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుంది" అని ఒకరు మెయిల్ పెడతారు, మిగతావాళ్ళు పొలోమని యాప్ దించుకుంటారు. పొద్దున్నే లేవడం, పది పేజీలు చదవడం, ఇప్పుడు కొత్తగా "రోజుకో మంచి పని". మంచిదే. నా గొడవంతా ఆ లెక్కతోనే.

అసలీ 21 ఎక్కడిది? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయిన పేషెంటుకి తన కొత్త మొహం అలవాటవ్వాలంటే కనీసం 21 రోజులన్నా పడుతుందని 1960లో ఒక పుస్తకంలో రాశాడు. ఆ "కనీసం" కాస్తా దార్లో ఎక్కడో జారిపోయింది! లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో తేలింది సుమారు 66 రోజులు. అదీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా కొంపేం మునగదని కూడా తేలింది.

కానీ యాప్ ఒప్పుకోదే! ఒక్క రోజు తప్పితే మళ్ళీ సున్నా. మన కోడర్లకి ఇది కొత్తేం కాదు. వరసగా ఎన్ని రోజులు కమిట్ చేశామో చూపించే అంకె గిట్‌హబ్ ప్రొఫైల్లో ఉండేది, 2016లో వాళ్ళే తీసేశారు. ఆ అంకె కోసం అర్ధరాత్రి ఒక కామా మార్చి కమిట్ చేసినవాళ్ళు నాకు తెలుసు. కోడ్ బాగుపడిందా అంటే... కామా బాగుపడింది.

మంచితనానికీ అదే గతి పట్టిస్తున్నాం. లిఫ్టు తలుపు పట్టుకుని టిక్కు పెట్టుకున్న పెద్దమనిషే, అరగంట తర్వాత కొత్తగా చేరిన కుర్రాడి కోడ్ రివ్యూలో "ఇది కూడా తెలీదా?" అని పదిమందీ చూసేట్టు రాస్తాడు. యాప్‌లో ఆ రోజు పచ్చగానే ఉంటుంది. ఆ కుర్రాడు మాత్రం ఆర్నెల్లపాటు ఒక్క డౌటూ అడగడు. ఈ నష్టం ఏ లెక్కలోకి వస్తుంది?

"లెక్క లేకపోతే బద్ధకం వస్తుంది, బెంజమిన్ ఫ్రాంక్లిన్ పట్టిక గీసుకోలేదా?" అంటారు. గీసుకున్నాడు, 13 సుగుణాలతో. కానీ ఆయన చుక్క పెట్టుకున్నది తప్పు చేసినప్పుడు, ఘనకార్యం చేసినప్పుడు కాదు. పొద్దున్నే తనని తాను అడుగుదామని రాసుకున్న ప్రశ్న కూడా చిన్నదే: ఈ రోజు ఏం మంచి చెయ్యాలి?

నేననేదీ అంతే. మీ రోజువారీ పనిలోంచే ఒక్కటి పట్టుకోండి. రివ్యూ కామెంటు పంపేముందు, అది మనకే వస్తే ఎలా ఉంటుందో అనుకుని ఒకసారి చదవడం. వాచ్‌మన్‌ని "ఏయ్" అనకుండా పేరు పెట్టి పిలవడం. అమ్మ ఫోన్ చేస్తే కీబోర్డు మీంచి చేతులు తీయడం. మర్చిపోయారా, మర్నాడు మళ్ళీ మొదలెట్టండి. ఎన్నో రోజు అని మాత్రం లెక్కెట్టకండి. ఆ కుర్రాడు మళ్ళీ మీ సీటు దగ్గరికొచ్చి డౌటు అడిగిన రోజున మీకే తెలుస్తుంది.